సగం ప్యాకెట్ కలపొచ్చా?

పోయిన దసరా సెలవుల్లో నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి వంటింట్లో నిలబడి ఒక పొడిని నీళ్ళలో కలుపుతున్నాను. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కడగడానికి వాడే డెవలపర్ అది, పేరు డి-76. లీటరు ద్రావణానికి సరిపడే ప్యాకెట్. ముప్పావు లీటరు నీళ్ళు యాభై రెండు డిగ్రీల దాకా వేడిచేసి, పొయ్యి ఆపేసి, పొడి కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. గడ్డ కట్టనివ్వకూడదు, గట్టిగా గిలక్కొట్టనూకూడదు. గాలి ఎక్కువ కలిస్తే డెవలపర్ పాడవుతుంది. అంతా కరిగాక నీళ్ళు పోసి లీటరు చెయ్యాలి.

అమ్మ గుమ్మంలో నిలబడి "ఆ గిన్నె మళ్ళ వంటకు వస్తదా?" అని అడిగింది. రాదన్నాను. అది హైదరాబాద్ నుంచి నేను విడిగా తెచ్చుకున్న గిన్నె అని తెలిశాక శాంతించింది.

నా దగ్గర కడగాల్సింది ఒక్కటే రోల్. చిన్న ట్యాంకులో ఒక రోల్‌కి మూడు వందల మిల్లీలీటర్లు చాలు. కలిపిన డెవలపర్ నిండు సీసాలో ఆరు నెలలు ఉంటుంది, సగం ఖాళీ అయిన సీసాలో రెండు నెలలకు మించి నమ్మలేం. అలాంటప్పుడు సగం ప్యాకెట్ కలుపుకుని మిగతా సగం దాచుకుంటే? ఈ పని మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ మొదట వచ్చే ఆలోచన ఇదే. నాకూ వచ్చింది. వద్దని అందరూ చెప్తారు. కారణం తెలిసిన రోజు నాకు ముచ్చటేసింది.

ప్యాకెట్‌లో ఉన్నది ఒక పొడి కాదు. 1927 నాటి ఫార్ములా ప్రకారం లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. నూట తొమ్మిది గ్రాముల్లో మెటాల్ రెండే గ్రాములు. వీటి పలుకులు ఒక్క సైజులో ఉండవు. లారీలో, కొరియర్ సంచిలో ఊగి ఊగి కొన్ని అడుక్కి చేరతాయి, కొన్ని పైన ఉండిపోతాయి. మీరు కొలిచి తీసిన సగంలో మెటాల్ ఎంత పడిందో ఎవరూ చెప్పలేరు. అసలు పడకపోవచ్చు కూడా. చూడ్డానికి మాత్రం రెండు సగాలూ ఒకేలాంటి తెల్లటి పొడి. అందుకే ప్యాకెట్ విప్పితే మొత్తం కలపాల్సిందే.

ఈ వ్యాసం ఆ సగం ప్యాకెట్ గురించే. ఫోటోగ్రఫీ పాఠం చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

*

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. పొద్దున్నుంచి రాత్రి దాకా నేను చేసే పనిలో వెనక్కి తీసుకోలేనిది దాదాపు ఏదీ లేదు. తప్పు జరిగితే పాత వెర్షన్‌కి వెళ్ళిపోవచ్చు. ఫిల్మ్ కడగడంలో ఆ సదుపాయం లేదు. ట్యాంకులో డెవలపర్ పోశాక ఏడున్నర నిమిషాల్లో జరగాల్సింది జరిగిపోతుంది. ఈ తేడాయే నన్ను పట్టేసింది.

మూడేళ్ళుగా దీని గురించి స్నేహితులతో తెగ మాట్లాడుతున్నాను. ఓపిక వస్తుందని, చేతికి పని ఉంటే మనసు నిలకడగా ఉంటుందని, ఫోన్‌లో వంద ఫోటోలు తీసేవాడికంటే ముప్పై ఆరు ఫ్రేముల్ని ఆచితూచి వాడేవాడికి ఎదుటి మనిషి మీద గౌరవం ఎక్కువని. నెమ్మదిగా చేసే పని మనిషిని మంచివాణ్ణి చేస్తుందన్నంత దూరం వెళ్ళాను. హైదరాబాద్‌లో ఒక స్నేహితుడి ఇంటి మేడ మీద ఆదివారం వర్క్‌షాప్ పెట్టాలని కూడా అనుకున్నాం. పదిమంది, మనిషికి రెండు వేలు. పోస్టర్ మీద ఏం రాయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను: 'చేతులతో చూడటం నేర్చుకుందాం.'

ఆ పూట వంటింట్లో గిన్నె చల్లారుతుండగా ఫోటో కాక వచ్చాడు.

*

ఆయన మా బాపు స్నేహితుడు. అసలు పేరు పెద్దవాళ్ళకే తెలుసు, మా ఈడు పిల్లలందరికీ ఫోటో కాక. ఊళ్ళోని ఒక స్టూడియోలో పద్నాలుగో ఏట చేరి దాదాపు పాతికేళ్ళు పనిచేశాడు. కెమెరా వెనక నిలబడింది తక్కువ, చీకటి గదిలో ఉన్నదే ఎక్కువ. స్టూడియో మూతపడ్డాక జిరాక్స్ షాపులో కొన్నాళ్ళు, సిమెంట్ కొట్లో కొన్నాళ్ళు చేసి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాడు.

బాపును చూడ్డానికి వచ్చినాయన వాసన పట్టుకుని నేరుగా వంటింట్లోకి వచ్చేశాడు. గిన్నె చూశాడు, ఖాళీ ప్యాకెట్ చూశాడు. నన్ను చూసి నవ్వాడు.

"వంటింట్ల కలుపుతున్నవా? అమ్మ ఊకున్నదా?"

"గిన్నె వేరే తెచ్చుకున్న కాకా."

"గిన్నె వేరేదైతే అయిపాయెనా? పొడి గాలికి లేస్తది. పక్కన చూడు, ఉప్పు డబ్బ మూత తీసే ఉన్నది."

నిజమే, మూత తీసే ఉంది. మూడేళ్ళ నా పాండిత్యం ఆ ఒక్క మాటతో కొంచెం కిందికి దిగింది.

తర్వాత ఆయనే చెప్పుకుంటూ పోయాడు. వాళ్ళకు ఇలా కలిపి వచ్చే ప్యాకెట్లు తక్కువ. పొడులు వేటికవి డబ్బాల్లో వచ్చేవి. బంగారం తూచే త్రాసు లాంటి చిన్న త్రాసు ఉండేది. చిటికెడు సల్ఫైట్ ముందు, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాక మిగతా సల్ఫైట్, ఆ తర్వాత తక్కినవి. సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ సరిగ్గా కరగదు. అసలు లేకుండా మెటాల్ పోస్తే నీళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఆయన యజమాని చేత దెబ్బలు తిని నేర్చుకున్నాడు.

బోరు నీళ్ళు వాడేవాళ్ళు కాదట. మా వైపు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, కాచితే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. అది ఫిల్మ్ మీద చేరితే మచ్చలు. అందుకని నీళ్ళు కాచి, చల్లార్చి, రాత్రంతా కదలకుండా ఉంచి, పై నీళ్ళు మాత్రం బట్టలో వడగట్టేవాడు. ఎండాకాలం ఇంకో తిప్పలు. డెవలపర్ ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. ఏప్రిల్‌లో కుండలో నీళ్ళు కూడా అంత చల్లగా ఉండవు. వేడెక్కితే ఫిల్మ్ మీది జిలాటిన్ పొర మెత్తబడి గోరు తగిలినా ఊడొస్తుంది. బస్టాండ్ దగ్గర సోడాబండి నుంచి ఐసు తెచ్చి, తొట్టిలో వేసి, అందులో డెవలపర్ గిన్నె పెట్టి, అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టేవాళ్ళు. ట్యాంకు లేదు. రోల్ రెండు చివర్లూ రెండు చేతులతో పట్టుకుని, కటిక చీకట్లో, గిన్నెలోని డెవలపర్ గుండా పైకీ కిందికీ ఊయల ఊపినట్టు లాగుతూ ఉండాలి. గడియారం కనపడదు, మనసులో అంకెలు లెక్కపెట్టుకోవాలి.

"గిప్పుడు గిది ఎందుకు నేర్సుకున్నవ్ బిడ్డా? ఫోన్ల తీస్తే అయిపాయె గద."

"మనసుకు బాగుంటది కాకా."

"మనసుకా," అని ఊరుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి చాపి చూపించాడు.

వేళ్ళ సందుల్లో చర్మం మందంగా, బీటలు వారిన చెరువు నేలలా ఉంది. గోళ్ళు వంకర తిరిగి ఉన్నాయి. పాతికేళ్ళ కిందట మానేసిన పనికి ఇంకా మిగిలిన గుర్తు. మెటాల్ కొందరి ఒంటికి పడదు. ముందు దురద, తర్వాత పొక్కులు, తర్వాత పగుళ్ళు. ఫోటో పని ఉన్న ప్రతి దేశంలోనూ డార్క్‌రూమ్ మనుషుల చేతులకు ఇది తెలిసిన జబ్బే. ఒకసారి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా తిరగబెడుతుంది. ఆయనకు చేరిన నాలుగో ఏడు మొదలైంది. అన్నం కలుపుకుంటుంటే కారం మండి, చెంచాతో తినేవాడట. "చెంచాతోటి తింటుంటే దొర లెక్క తింటుండని మా అమ్మ నవ్వుతుండె" అన్నాడు.

1940లోనే ఇంగ్లండ్‌లో ఇల్‌ఫర్డ్ కంపెనీ వాళ్ళు ఫెనిడోన్ అనే పదార్థంతో మెటాల్ పని చేయించవచ్చని కనిపెట్టారు. మెటాల్‌తో పోలిస్తే అది చర్మాన్ని బాధించడం చాలా తక్కువ. అంటే కాక పుట్టడానికి ముందే ఆ దురదకు విరుగుడు ప్రపంచంలో ఉంది. ఆయన త్రాసు దాకా రాలేదు. చేతులు ఆయనవి, ఏ పొడి కొనాలో తేల్చేది ఇంకొకరు.

*

ఆ రాత్రి నేను నా రోల్ కడగలేదు. పడుకుని ఆలోచిస్తే ఒక ప్రశ్న పీడించింది. ఆయన చేసిన పనీ నేను చేసే పనీ రసాయనశాస్త్రం దృష్టిలో ఒకటే. అదే మెటాల్, అదే సల్ఫైట్, అదే చీకటి. మరి ఆయనకది కూలి, నాకు హాబీ ఎలా అయింది?

సులువైన జవాబు ఒకటుంది. నేను ఎప్పుడైనా మానెయ్యగలను, ఆయన మానెయ్యలేకపోయాడు. సరే, ఒప్పుకుంటాను. అయితే ఈ జవాబుకు ఒక పర్యవసానం ఉంది. తేడా పనిలో లేదు, గది తలుపులో ఉంది. బయటికి వెళ్ళడానికి తలుపు తెరిచి ఉన్నవాడికి చీకటి గది ధ్యానమందిరం. మూసి ఉన్నవాడికి అది ఉత్త చీకటి గది. అలాంటప్పుడు 'ఈ పని ఓపిక నేర్పుతుంది' అని నేను చెప్పుకున్నదంతా ఏమైనట్టు? పనికే ఆ గుణం ఉంటే, ముందుగా ఆ స్టూడియో యజమాని మహాత్ముడై ఉండాలి. కాక మాటల్ని బట్టి ఆయనకా లక్షణాలేవీ లేవు.

దీని మీద మన దేశంలో పాత వాదమే ఉంది. గాంధీ అందర్నీ రాట్నం తిప్పమన్నాడు. చేతిపని అందరూ చేస్తే కొందరి మీదే భారం పడటం తగ్గుతుందని, పని గౌరవం పెరుగుతుందని ఆయన నమ్మకం. అంబేద్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో దీన్ని గట్టిగా ఎదుర్కొన్నాడు. ఆయన వాదం స్థూలంగా ఇది: మనిషికి సంస్కృతి కావాలంటే తీరిక కావాలి, తీరిక కావాలంటే గొడ్డుచాకిరీ తగ్గాలి, దాన్ని తగ్గించేది యంత్రం. యంత్రం వల్ల అన్యాయం జరుగుతుంటే తప్పు యంత్రానిది కాదు, దాన్ని పంచుకునే పద్ధతిది. నా ఇంజనీరింగ్ చదువుకూ మా జిల్లా చరిత్రకూ రెండో వాదమే దగ్గర. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి కాలువలు, ఆనకట్టలు తవ్వారు. వాళ్ళ మనవడి ముందు నిలబడి చేతిపని అందం గురించి ఉపన్యాసం ఇవ్వాలంటే కొంచెం సిగ్గుండాలి.

నాలాంటివాళ్ళం ఇప్పుడు సరిగ్గా ఆ ఉపన్యాసమే ఇస్తున్నాం. జొన్నరొట్టె హైటెక్ సిటీ మెనూల్లోకి వచ్చింది. రోటి పచ్చడి, కుండనీళ్ళు, గానుగ నూనె వచ్చాయి. మాకు దగ్గర్లోని గద్వాలలో గుంట మగ్గంలో కాళ్ళు దించి కూచుని, నూలు చీరకు పట్టు అంచు అతుకుతూ నేస్తారు. ఆ చీర కట్టుకున్నవాళ్ళు ఫేస్‌బుక్‌లో దాని వెనక ఉన్న 'ఓపిక'ను మెచ్చుకుంటారు. ఓపిక ఎవరిది, నడుము నొప్పి ఎవరిది అన్నది పోస్టులో ఉండదు. ఇదే నేను చెప్పే సగం ప్యాకెట్. పాత పని లోంచి మనకు నచ్చిన సగాన్ని కొలిచి తీసుకుని, రెండో సగాన్ని ఉన్నచోటే వదిలేయడం. చూడ్డానికి రెండు సగాలూ తెల్లగానే ఉంటాయి కాబట్టి మనం ఏం వదిలేశామో మనకే తెలీదు.

ఇక్కడితో ఆపేస్తే ఇదొక మామూలు పశ్చాత్తాప వ్యాసం అయ్యేది. పశ్చాత్తాపం కూడా తీరికున్నవాళ్ళకు దొరికే హాబీయే. కానీ మర్నాడు కాక ఇంకో సంగతి చెప్పాడు.

*

ఆ రోజుల్లో పోలీసులు శవ పంచనామాకు ఊళ్ళోని ఫోటోగ్రాఫర్‌నే పిలిపించేవాళ్ళు. బావిలో పడినవాళ్ళు, ఉరిపోసుకున్నవాళ్ళు, లారీ కింద పడినవాళ్ళు. యజమాని వెళ్ళి తీసుకొచ్చేవాడు, కడిగి ప్రింట్లు వేసేది కాక. "తెల్ల కాయితం మీద ముందు కండ్లు, నోరు వస్తయి బిడ్డా. నల్లగున్నయి ముందు వస్తయి. ఎర్ర లైటు కింద అట్ల చూస్కుంట నిలవడాలె. పదిహేనేండ్ల పోరగాణ్ణి నేను."

ఒకసారి ఒక తల్లి వచ్చింది. చెరువులో మునిగి చనిపోయిన కొడుకు ఫోటో కావాలంది. ఆ అబ్బాయికి బతికుండగా తీయించిన ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా పోలీసుల కోసం తీసినదే. అది ఇవ్వకూడదు, ఇచ్చినా చూడదగ్గది కాదు. యజమాని పొమ్మన్నాడు.

ఆ రాత్రి కాక ఆ నెగెటివ్‌ను ఎన్‌లార్జర్‌లో పెట్టి, ముఖం వరకే తీసి, గడువు తీరిన కాగితం మీద ప్రింట్ వేశాడు. మొదటిది మరీ నల్లగా వచ్చింది. రెండోది కొంచెం తేలిగ్గా. మూడోదాన్ని ఆరబెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో కళ్ళు తెరిపించాడు. చనిపోయినవాళ్ళ ఫోటోలో కళ్ళు తెరిచినట్టు దిద్దడం అప్పటి స్టూడియోల్లో తెలిసిన పనే. అది రీటచింగ్ చేసేవాళ్ళ పని. కాక చూసి నేర్చుకున్నాడు. వారం తర్వాత ఆమె సంతకు వచ్చినప్పుడు ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు.

"ఆమె ఏమన్నది కాకా?"

"ఏమంటది. కండ్లు వానియి లెక్కనే ఉన్నయ్ అన్నది. నాకేం ఎరుక వాని కండ్లు ఎట్లుంటుండెనో. ఉత్తగనే గీసిన."

ఈ మాట మీద నేను చాలా రోజులు ఆగిపోయాను. రాత్రి నేను వేసుకున్న లెక్క ప్రకారం సద్గుణం కావాలంటే ఎంచుకునే స్వేచ్ఛ ఉండాలి. బలవంతపు ఓపిక ఓపిక కాదు. ఎంచుకుని చేసినదే సద్గుణమని అరిస్టాటిల్ నాటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆ లెక్కను చివరిదాకా లాగితే తీరిక ఉన్నవాళ్ళే మంచివాళ్ళు కాగలరన్న చోటికి వస్తుంది. అక్కడ ఏదో తప్పుంది. ఆ చీకటి గదిని కాక ఎంచుకోలేదు. ఆ మూడు కాగితాల్ని మాత్రం ఎంచుకున్నాడు. నా మూడేళ్ళ హాబీలో నేను ఎంచుకున్న దేన్నీ దాని పక్కన పెట్టి చూడలేను.

ఇంకొకటి. ఆయన ఈ సంగతి చెప్తున్నప్పుడు చేతులు గాల్లో కదులుతున్నాయి. కాగితాన్ని ట్రేలో ఎలా ఊపాలో, ఏ క్షణంలో తీసి హైపోలో వెయ్యాలో చూపిస్తున్నాడు. ఆ చేతుల్లో గర్వం ఉంది. ముందు రోజు అదే చేతిని నేను కేవలం జబ్బు చేసిన చెయ్యిగా చూశాను. అయ్యో పాపం అనుకున్నాను. అది కూడా సగం ప్యాకెట్టే. ఈసారి నేను తీసుకున్నది రెండో సగం, అంతే. దురదను మాత్రం చూసి పనితనాన్ని వదిలేస్తే ఆయనకు ఆ పాతికేళ్ళలో మిగిలిందేమిటి? పనిని పొగిడేవాడు మనిషి ఒంటిని మర్చిపోతాడు. మనిషి మీద జాలిపడేవాడు ఆయనకొచ్చిన పనిని మర్చిపోతాడు. ఇద్దరూ కొలిచి తీసుకునేవాళ్ళే.

*

మన ఫోటోల చరిత్ర కూడా ఇలాగే ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నడిపాడు. దాన్ని చూసుకున్నది కెనీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ. అంత పెద్ద సంస్థలో నీళ్ళు మోసి, గాజు పలకలు కడిగి, ప్రింట్లు ఆరబెట్టినవాళ్ళు చాలామంది ఉంటారు. ఫోటో కింద ఉండేది ఒకటే పేరు. మా జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమి మీద 1940లో హైమెన్‌డార్ఫ్ చెంచుల్ని ఫోటోలు తీశాడు. 1943లో ఆయన పుస్తకం వచ్చింది. ఆయన ఫోటోలు ఇవాళ లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. అలాంటి ఫోటో చూసినప్పుడు మనం రెండు ప్రశ్నలు అడుగుతాం: ఎవరు తీశారు, ఎవరిని తీశారు. ఎవరు కడిగారు అన్నది అడగం.

తెలుగులో ఈ పనికి మనం వాడే మాటే చిత్రంగా ఉంటుంది. రీలు కడిగించాలి అంటాం. గిన్నెలు కడగడం, వాకిలి కడగడం, రీలు కడగడం. కడిగే పనులన్నిటికీ మన ఇళ్ళలో ఒక లక్షణం ఉంది. చేసినవాళ్ళు కనపడరు, చెయ్యనిరోజే కనపడతారు.

సెలవులు అయిపోయే ముందు కాక నన్నొక ప్రశ్న అడిగాడు.

"వాడిన నీళ్ళు యాడ పోస్తవ్?"

బాత్రూమ్‌లో పోస్తానని చెప్పాను. హైదరాబాద్‌లో మూడేళ్ళుగా అదే చేస్తున్నాను. వాడిన డెవలపర్ సంగతి అలా ఉంచితే, ఫిక్సర్‌లో వెండి ఉంటుంది. ఫిల్మ్ మీద వెలుగు తగలని చోట్ల ఉన్న వెండి లవణాలన్నీ కరిగి అందులోకే వస్తాయి. నీళ్ళలో బతికే జీవాలకు అది విషం. వాళ్ళ స్టూడియోలో వాడిన హైపోను డబ్బాల్లో దాచేవాళ్ళట, వెండి తీసుకునేవాడు వచ్చి కొనుక్కుపోయేవాడు. ధర్మం కోసం కాదు, పైసల కోసమే. కానీ మోరీలో పొయ్యలేదు. ధర్మం గురించి మాట్లాడే నేను పోశాను. మా అపార్ట్‌మెంట్ డ్రైనేజీ నిండినప్పుడు అందులో చేతులు పెట్టే మనిషి ఎవరో నాకు తెలుసు. నెలకోసారి లిఫ్ట్ దగ్గర కనిపిస్తాడు కూడా.

అంటే చెయ్యి మారింది, పని మారలేదు. కాక వేళ్ళ మీది దురద నా హాబీలోంచి మాయమైపోలేదు. చేతికి తొడుగులు వేసుకుని నేను దాన్ని కింది అంతస్తుకి పంపించాను.

*

ఇక చెయ్యాల్సిందేమిటి? మానెయ్యడమా? చాలా ఆలోచించాను. నేను మానేస్తే ఎవరికీ ఏమీ ఒరగదు. సంతోషానికి అనుమతిపత్రం అక్కర్లేదన్నది ఇప్పటికీ నా అభిప్రాయమే. ఇంకొకరికి చాకిరీ అయిన పని నాకు ఆట కావడంలో తప్పు లేదు. చేపలు పట్టడం, తోటపని, వంట, అన్నీ అలాగే ఆటలయ్యాయి. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, ఆ ఆట నుంచి నేనొక నీతిని పిండుకుని, ఆ నీతికి నేనే మొదటి వారసుణ్ణి అన్నట్టు మాట్లాడినప్పుడు. రెండోది, ఆటలోని మురికి భాగం ఇంకా ఎవరికో కూలిగానే మిగిలి ఉన్నప్పుడు.

అందుకని చేసినవి చిన్న పనులే. మెటాల్ లేని పొడికి మారాను. విటమిన్ సి జాతి పదార్థంతో పనిచేసే డెవలపర్లు 1990ల నుంచీ ఉన్నాయి, వాటికి వేడినీళ్ళు కూడా అక్కర్లేదు. వాడిన ఫిక్సర్‌ను డబ్బాలో దాస్తున్నాను. అందులో స్టీలు పీచు వేస్తే వెండి దాని మీద పేరుకుంటుంది. పోస్టర్ మీద రాయాలనుకున్న వాక్యం తీసేశాను.

వర్క్‌షాప్‌కు కాకను రమ్మన్నాను. "నేనేం చెప్త బిడ్డా వాళ్ళకు" అన్నాడు. తర్వాత "ఎంత ఇస్తవ్?" అని అడిగాడు. ఆ రెండో ప్రశ్న అడిగినందుకు నాకు ఊపిరాడింది. గురువుగారు, ఆశీస్సులు అంటూ ఒక శాలువాతో ముగించే ప్రమాదం నాలో ఉండేది. వచ్చినదాంట్లో సగం ఇస్తానన్నాను. బస్సు చార్జీలు వేరే అన్నాడు.

ఆ ఆదివారం పదిమంది వచ్చారు. అందరూ పాతికా ముప్పై మధ్యవాళ్ళే. కాక పొడి ముట్టుకోలేదు, కుర్చీలో కూచుని చెప్పాడు, నేను కలిపాను. ముందు చేతులు చూపించాడు. తర్వాతే ఐసు సంగతి, చీకట్లో అంకెలు లెక్కపెట్టడం సంగతి చెప్పాడు. ఆ తల్లి సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు. దాన్ని ఇక్కడ రాయొచ్చా అని మాత్రం తర్వాత అడిగాను. పేర్లు, ఊరు రాయకుంటే రాసుకో అన్నాడు. అందరూ ఫోటోలు దిగి వెళ్ళబోతుంటే ఆయన ఒకటే షరతు పెట్టాడు: ఎవరి ట్యాంకు, ఎవరి గిన్నె వాళ్ళే కడిగి పోవాలి. పనమ్మాయి రేపొస్తుంది కదా అని నా స్నేహితుడు అనబోయి ఆగిపోయాడు.

సాయంత్రం ఎమ్జీబీఎస్‌కు దింపడానికి వెళ్ళే ముందు, దసరాకు కడగకుండా వదిలేసి హైదరాబాద్ వచ్చాక కడిగిన ఆ రోల్ ఆయనకు చూపించాను. మా ఊరి కేసరి సముద్రం గట్టు మీద తీసిన ఫోటోలు. ఆయన నెగెటివ్‌ను అంచులు మాత్రం పట్టుకుని, ఆ వంకర గోళ్ళు బొమ్మకు తగలకుండా, కిటికీ వెలుతురుకు ఎదురుగా ఎత్తి చాలాసేపు చూశాడు. నేను మెప్పు కోసం ఎదురు చూశాను.

"పల్చగ వచ్చింది," అన్నాడు. "ఇంకొక్క నిమిషం ఉంచాల్సి ఉండె."